ఉత్త కారం కోసం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం

ముందుగా నా రాతను మన్నించాలి. ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. చేతిరాత అయితే నాకే సరిగా అర్థం కాదు. నోటుబుక్కులో రాసి ఇస్తే మా ఆడబిడ్డ తప్పులు దిద్ది ఈ పేజీలో పెడుతోంది. టైపు చేయడం అయిపోగానే ఆ కాగితాలు పొయ్యిలో వేసేయాలని ముందే మాట తీసుకున్నాను. ఇక్కడ రాసేవాళ్లు చాలా దూరాలు తిరిగి వచ్చి రాస్తారు. నాది ఒక్క రోజు ప్రయాణం. పెనుకొండ నుంచి హిందూపురం, మళ్లీ పెనుకొండ, అక్కడి నుంచి ధర్మవరం. మీ పక్కింట్లోకి వేరే దేశం నుంచి ఎవరైనా వచ్చి దిగి ఉంటే, వాళ్లను వెంటబెట్టుకుని మన ఊళ్లు తిప్పాలని మీకు ఉంటే, పనికొస్తుందని రాస్తున్నాను.

నేను పెళ్లయి పెనుకొండకు వచ్చిన ఎనిమిదో నెలలో జరిగిన సంగతి ఇది. మా ఆయన హైవే పక్కనున్న కార్ల ఫ్యాక్టరీలో కొరియా వాళ్లకు కారు నడుపుతాడు. మేం ఒక ఇంటి వెనక గదిలో అద్దెకుంటాం. అదే ఇంటి మేడ మీద అప్పట్లో కొరియా దంపతులు ఉండేవారు. ఆమె పేరు సూజిన్. భర్త ముందే వచ్చేశాడు. ఏడాది పాటు ఆయన ఇక్కడ, ఆమె అక్కడ ఉండి, చివరికి ఆమె కూడా వచ్చింది. పొద్దున రెండు గంటలు నేను వాళ్లింట్లో పని చేసేదాన్ని. నాకు కొత్తవాళ్లతో మాట్లాడాలంటే సిగ్గు. ఆమెకు మన మాట రాదు. అందుకే మాకు బాగా కుదిరింది. కొళాయి నీళ్లు సోమ, బుధ, శుక్రవారాల్లో వస్తాయని, వచ్చిన అరగంటలో పట్టుకోవాలని నేర్పాను. ఆ మూడు వారాల పేర్లే ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాటలు. కరెంటు పోతే ఏం చేయాలి, పాలు విరగకుండా ఎప్పుడు కాచాలి, కూరగాయల బండాయన చెప్పే ధరకు ఎంత తగ్గించి అడగాలి, ఇలా రోజుకొకటి. ఒక రోజు ఫోన్‌లో ఏదో మాట్లాడి నా ముందు పెట్టింది. ఆమె మాటను ఆ ఫోన్ తెలుగులో చెబుతుంది, వార్తలు చదివినట్టు ఉంటుంది. "మీకంటే వయసులో పెద్దదైన స్త్రీని మీరు ఏమని పిలుస్తారు?" అని అడిగింది. అక్క అంటామని చెప్పాను. అప్పటి నుంచి ఆమె మేడమ్ కాదు, సూజినక్క.

ఆమె మా ఊరికి వచ్చి నాలుగో నెల నడుస్తుండగా కడుపు వచ్చింది. ఆ సంతోషం వారం రోజులే. ఆ తరువాత ఏం తిన్నా కడుపులో నిలవలేదు. హైవే మీద కొరియా హోటళ్లున్నాయి కదా అని మీరనుకోవచ్చు. అక్కడి నుంచీ తెప్పించారు, నోటి దాకా పోగానే వెనక్కి వచ్చేది. బెంగళూరులో చూపిస్తే బరువు బాగా తగ్గిందన్నారు. కొరియాలో ఉన్న వాళ్లమ్మ వచ్చేయమని రోజూ ఫోన్‌లో ఏడ్చేది. భర్త బుధవారానికి విమానం టికెట్ తీశాడు. వెళితే కాన్పయి బిడ్డ కాస్త పెద్దయ్యేదాకా అక్కడే. మళ్లీ ఏడాదికి పైగా ఆమె అక్కడ, ఆయన ఇక్కడ. ఆ సాయంత్రం ఆమె ఫోన్‌కు చెప్పింది, ఫోన్ నాకు చెప్పింది: "నాకు వెళ్లాలని లేదు. తినగలిగితే నేను ఉంటాను."

ఆమె తినగలనని అనుకున్నది ఒక్కటే. వాళ్లమ్మ చేసే ముల్లంగి ఊరగాయ. పెద్ద ముక్కలు కోసి, అప్పటికప్పుడు కలిపి, వేడి అన్నంతో తినేది. ఒకసారి మేడ మీద కలిపింది కూడా. అందులో రెండు చుక్కలు చేపల సాసు వేస్తారు. ఇంటి యజమానురాలు ఉల్లిపాయ కూడా ముట్టని మనిషి. మెట్లెక్కి వచ్చి, "ఏందమ్మా ఇది, అటక మీద ఎలుక గాని చచ్చిందా?" అంది. ఇంకోసారి ఇలా చేయొద్దని గట్టిగా చెప్పి పోయింది. పైగా ఆమె తెచ్చుకున్న కొరియా కారం అయిపోయింది. బెంగళూరులో కొన్నది పాతబడి వాసన వస్తోందని పారేసింది. మన కారంతో చేస్తే కడుపు మండిపోతుంది. నేను ఎప్పుడూ ముందుపడి మాట్లాడేదాన్ని కాదు. ఆ రోజు మాత్రం, రంగుండి మంట లేని మిరపకాయలు హిందూపురంలో దొరుకుతాయని, చేసుకోవడానికి ధర్మవరంలో మా అవ్వ ఇల్లుందని, ఆ ఇంట్లో ఎవరూ ఏమీ అనరని చెప్పేశాను. శనివారం పోదామనుకున్నాం. అది తప్పితే ఇంకో రోజు లేదు.

కారులో ఏసీ వాసనకే ఆమెకు తిప్పేది. అందుకని బస్సులో పోయాం. పెనుకొండ బస్టాండులో ఆరు నలభైకి హిందూపురం బస్సు దొరికింది. టికెట్ ఒక్కొక్కరికి యాభై లోపే. ఆ టైములో ఖాళీగా ఉంటుంది, కిటికీ సీటు దొరుకుతుంది. హైవే మీద కొంత దూరం దాకా కొరియా అక్షరాల బోర్డులు కనబడతాయి. సూజినక్క ఒక్కో హోటల్ బోర్డూ చదివి, "గుడ్", "నో గుడ్", "వెరీ నో గుడ్" అని తీర్పు చెబుతూ వచ్చింది. సోమందేపల్లి దాటాక బోర్డులన్నీ తెలుగే. అప్పుడు నేను చదివి వినిపించాను. ఆమె తలూపింది, ఏం అర్థమైందో తెలియదు. ఎనిమిది గంటల లోపలే హిందూపురంలో దిగాం.

మిరపకాయల మార్కెట్ వైపు ఆటోకు ముప్పై తీసుకున్నాడు. ఆ వీధి మలుపు తిరగకముందే తుమ్ములు మొదలవుతాయి. ముక్కుకు కట్టుకోవడానికి ఒక గుడ్డ ఉంచుకోండి. మొదటి రెండు కొట్లలో నేను అడగలేక నిలబడిపోయాను. మూడో కొట్లో పెద్దాయన తనే పలకరించాడు.

"ఏమ్మా, కారం గావల్లా, రంగు గావల్లా? రెండూ ఒక కాయలో దొరకవు మళ్ల."

"రంగే కావాలన్నా. మంట తక్కువుండాలి."

"అట్లయితే బ్యాడిగి. ఇదో సూడు, ముడతలు ముడతలుగా ఉండాదే, అదే. ఈయమ్మ యా దేశం? చైనానా?"

"కొరియా," అని సూజినక్కే చెప్పింది.

"ఓ, కార్లోళ్లా! మా అల్లుడు మీ ఫ్యాక్టరీ గేటుకాడ ఉండాడు. మీరు గూడా కారం తింటారంట, నిజమేనా? ఈ మొగం సూస్తే నమ్మకం రాలేదప్పా."

సూజినక్క సంచిలోంచి ఒక కాయ తీసి విరిచింది, వాసన చూసింది, గింజను నాలుక చివర పెట్టుకుంది. తరువాత పొట్టును తెల్లటి కాగితం రుమాలు మీద రుద్ది, ఆ ఎరుపును వెలుతురుకు పట్టి చూసింది. తల అడ్డంగా ఊపి రెండో సంచి చూపమంది. పెద్దాయన నోరు తెరిచాడు. "బెంగళూరు సేట్లు వచ్చినా ఇంత సూడరు గదమ్మా! యాడ నేర్చినావు?" ఆమె ఫోన్‌కు చెప్పింది. "నా తల్లి ప్రతి సంవత్సరం చలికాలానికి ముందు కుటుంబం మొత్తానికి ఊరగాయ పెడుతుంది. మిరపకాయలను నేనే ఎంచేదాన్ని," అని ఫోన్ పలికింది. ఆయన ఫోన్ వైపు ఒకసారి, ఆమె వైపు ఒకసారి చూశాడు. "మా ఇంట్లోనూ అంతే తల్లీ. ఊరగాయల కాలమొస్తే మంచం మీద గూడా మిరపకాయలే, మేం కింద పండుకోవల్ల," అని నవ్వాడు. నేను పర్సు తీస్తుంటే, "దుడ్లు యాడికీ పోవు, ముందు కాయ సరిగ్గా ఎంచుకోండి," అన్నాడు. అప్పట్లో మంచి రకం కిలో మూడు వందల పైన ఉండేది. ఆమెకు రెండు కిలోలు తీసుకున్నాం. పుట్టింటికి ఉత్త చేతులతో పోకూడదని మా అవ్వకు అరకిలో వేరే కట్టించాను. ఆయన రెండు పొట్లాల్లోనూ ఇంకో గుప్పెడు వేశాడు.

కూరగాయల మార్కెట్లో ముల్లంగి కొన్నాం. నేను పొడుగ్గా సన్నగా ఉన్నవి తీస్తుంటే ఆమె వాటిని తీసి పక్కన పెట్టి, పొట్టిగా లావుగా ఉన్నవే ఏరింది. అవి బెండు పట్టి ఉంటాయని మన ఇళ్లలో ఎవరూ తీసుకోరు. అమ్మే ఆవిడ సంతోషంగా సగం ధరకే ఇచ్చింది. పక్కన హోటల్లో నేను చిత్రాన్నం తిన్నాను. సూజినక్క బయటే నిలబడి నిమ్మకాయ వాసన చూస్తూ ఉండిపోయింది.

పదిన్నరకు పెనుకొండలో దిగాం. ఆమె మేడ మీదికి పోయి కాసేపు పడుకుంది. నేను ఆమె రెండు కిలోల మిరపకాయలు తీసుకుని కారం పట్టే మిషన్‌కు పోయాను. ఇక్కడే నేను చేసిన పని చెప్పాలి. ఆ తెల్లవారుజామునే లేచి ధనియాలు, మెంతులు దోరగా వేయించి డబ్బాలో పెట్టుకున్నాను. మా ఇంట్లో కారం పట్టించడమంటే అదే. కిలోకు ఇన్ని ధనియాలు, ఇన్ని మెంతులు, కల్లుప్పు, పురుగు పట్టకుండా కొంచెం ఆముదం. ఇది మా అవ్వ కొలత. ఉత్త మిరపకాయలను మిషన్‌లో పోయించడం నేను పుట్టి ఎక్కడా చూడలేదు. సూజినక్క చెప్పకపోయినా నేనే అన్నీ చూసుకున్నానని, ఆమెకు చెప్పకుండా ఉంచి చూపించాలని లోపల పొంగిపోతున్నాను. మిషన్ నడిపే ఆయన మూత తీసి, "ధనియాలు బలే ఏంచినావే పాపా, వాసన సూడు," అన్నాడు. ఆ మాటకు ఇంకా పొంగిపోయాను. వేడి వేడి పొడిని కాగితం మీద ఆరబోసి, చల్లారాక రెండు సంచుల్లో కట్టుకుని వచ్చాను.

పన్నెండు కావస్తుండగా ధర్మవరం బస్సు ఎక్కాం. చెన్నేకొత్తపల్లి మీదుగా పోతుంది, గంటన్నర లోపు. రైలు కూడా ఉంది కానీ ఆ టైముకు అనుకూలంగా దొరకదు, ముందే కనుక్కోండి. బస్సులో సూజినక్క నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆమె తల ఎంత తేలికగా ఉందో నాకు ఇంకా గుర్తే. రామగిరి వైపు కొండలు దూరంగా కనబడుతుంటే లేపి చూపించాలనిపించింది, లేపలేదు. నాలుగు రోజుల్లో విమానం ఎక్కే మనిషి కాదు ఈమె, మా అవ్వ చేతి కొలత పడిన కారం తింటే అన్నీ సర్దుకుంటాయి అనుకుంటూ కూర్చున్నాను.

ధర్మవరంలో మా వీధిలోకి తిరగ్గానే మగ్గాల చప్పుడు వినిపిస్తుంది. నాయన గుంటమగ్గం మీద పెండ్లి చీర నేస్తున్నాడు. అమ్మ ఊర్లో లేదు, కదిరిలో పిన్ని ఇంటికి పోయింది. అవ్వ గడపలోనే ఉంది. సూజినక్క మొహం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది.

"ఏమే రత్నా, ఈ బిడ్డ మొగమంతా పీక్కపోయిండాది. ఎన్నో నెల?"

"మూడోది అవ్వా."

"బిన్నా తోడుకోని రా లోపలికి. ఎండకు కందిపోతాంది."

నాయన మగ్గంలోంచే, "ఆయమ్మను ఈడ కూచోమను. పట్టు తాకి సూడమను, ఏం గాదు," అన్నాడు. సూజినక్క గుంట పక్కన గొంతుక్కూర్చుని, నాయన కాళ్లు తొక్కే తీరును, చేతిలో పోగు లాగే నాడె అటూ ఇటూ పోయే తీరును చాలాసేపు చూసింది. ఆ కాసేపు ఆమె మొహంలో నొప్పి లేదు. కానీ అవ్వ అన్నం, పప్పు, చెనక్కాయల ఊరిబిండి అన్నీ వడ్డించి కూర్చోబెట్టింది. "ఒక్క ముద్ద, నా తల్లి గదా," అని నోటి దాకా తెచ్చింది. కాదనలేక ఆమె తినింది. మరుక్షణం దొడ్లోకి పరుగెత్తింది. అవ్వ చేతిలో రెండో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

మొహం కడుక్కుని వచ్చాక సూజినక్క ఇక చేద్దామన్నట్టు చేతులు చూపించింది. నేను గర్వంగా కారం సంచి విప్పి ముందు పెట్టాను. ఆమె వంగి వాసన చూసింది. మళ్లీ చూసింది. చిటికెడు తీసి వేళ్ల మధ్య రుద్దింది. పొడి మెత్తగా, నూనె జిడ్డుతో వేలికి అంటుకుంది. ఆమె ఫోన్ తీసి ఏదో అంది. "ఇందులో వేరే వస్తువులు ఉన్నాయి," అంది ఫోన్.

"ధనియాలక్కా. మెంతులు, ఉప్పు, ఆముదం," అన్నాను. నా మాట నాకే వినబడలేదు.

ఆమె కోప్పడలేదు. ధనియాల వాసనకు వస్తున్న వాంతిని అరచేయి అడ్డం పెట్టి ఆపుకుంది. సంచి మూతి మళ్లీ ముడివేసి, జాగ్రత్తగా గూట్లో పెట్టింది. నా భుజం మీద చేయి వేసి, "ఓకే, రత్నా. ఓకే," అంది. ఆగి, ఇంకొక్క మాట అంది. "బుధవారం."

నేను నేర్పిన మాటే. నీళ్లు పట్టుకోవడానికి నేర్పాను. దొడ్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అవ్వ నా వెనకే వచ్చింది. సంగతంతా చెప్పాను. "ఉత్త మిరపకాయలు ఎవురన్నా పట్టిస్తారా? అది నీకు ఎట్ల తెలుస్తాది? నేనైనా అట్లే చేసుందును," అంది. ఆ వెంటనే, "అయినా నోరుండాది గదా పాపా నీకు? ఏమేమి వెయ్యల్ల అని ఒక్క మాట అడిగింటే పోయేదానికి, గమ్మున ఉంటివి. సిగ్గు, సిగ్గు అని ఎన్నాళ్లు?" అని తిట్టింది. తరువాత, "నాకు తెచ్చినానంటివే, ఆ కాయలు యాడ?" అంది.

అరకిలో పొట్లం నా సంచి అడుగునే ఉంది. మిషన్‌కు పోలేదు. అవ్వ రోకలి తీసి కడిగింది. రోలు దగ్గరికి పోగానే లోపలి నుంచి నాయన అరిచాడు. "ఓమ్మా, ఆడ దంచొద్దు! మగ్గం మీద పెండ్లి చీర ఉండాది. కారం ఎగిరి పట్టు మీద పడిందంటే నా కొంప మునుగుతాది!" నిజమే, మా ఇళ్లలో నేత ఉన్నప్పుడు దంచడం, తిరగమాత పెట్టడం అన్నీ చూసుకుని చేస్తారు. రోలు కదిలేది కాదు. చివరికి నాయనే లేచి, నేసినంత మేరకు చీరను తెల్ల గుడ్డతో కప్పి, తలుపు వేసి, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. నూలు తడిపినట్టు, కారం లోపలికి ఎగరకుండా గడప ముందు నీళ్లు కూడా చల్లాడు.

"ఏమ్మా, పొడి గావల్లా, పెచ్చులు గావల్లా?" అని అవ్వ సూజినక్కనే అడిగింది, తెలుగులోనే. ఆమెకు ఆ మాట తెలియదు. కానీ వంట చేసేవాళ్లకు ఆ ప్రశ్న చేతుల్లోనే తెలిసిపోతుందేమో. ముందుకొచ్చి కాయలు చీల్చి, గింజలు రాల్చి చూపించింది. ఉత్త పొట్టును మాత్రమే రోట్లో వేసింది. అవ్వ దంచింది. నాలుగు పోట్లకొకసారి ఆమె చేయి అడ్డుపెట్టి ఆపి, చిటికెడు తీసి చూస్తుంది, ఇంకా అన్నట్టు తలూపుతుంది. అందరం తుమ్ముతున్నాం. నాయన అందరికంటే గట్టిగా తుమ్మాడు. పదోసారో, పదకొండోసారో ఆమె చిటికెడు తీసి, పొద్దున చేసినట్టే కాగితం రుమాలు మీద రుద్దింది. బరకగా, పొడిగా, ఎర్రగా రాలింది. తల పైకెత్తలేదు. రెండు చేతులతో అవ్వ రోకలిని పట్టుకుని అక్కడికి ఆపింది. మిషన్ పొడిలో ఏ గుణం తప్పిందో ఆ గుణం రోట్లో వచ్చింది.

ఆ తరువాత అంతా ఆమెదే. ముల్లంగిని బొటనవేలంత లావు ముక్కలు కోసి కల్లుప్పులో అరగంట ఉంచింది. బియ్యప్పిండి గంజి కాచింది. వెల్లుల్లి, అల్లం నూరడానికి నన్ను పెట్టింది, చాలలేదని మళ్లీ నూరించింది. సంచిలోంచి చిన్న సీసా తీసి మూత విప్పగానే అవ్వ కొంగు ముక్కుకు పెట్టుకుంది. "ఓయమ్మా, చేపలు చచ్చి ఏడాది అయినట్టుండాది. ఇది కడుపులోకే పోతాదా?" సూజినక్కకు అర్థం కాకపోయినా నవ్వింది. రెండు చుక్కలే వేసింది. చేతులు ఎర్రగా చేసుకుని, ముక్కలన్నిటికీ పట్టేటట్టు కలుపుతుంటే మణికట్టు దాకా ఆమె చేతికి ఎక్కడ లేని బలం వచ్చింది. అన్నం ఆమే వండుకుంది, మనం పోసేదానికంటే నీళ్లు ఎక్కువ పోసి, మెత్తగా, ముద్దగా.

నాలుగున్నరకు గిన్నెలో అన్నం, పక్కన ముల్లంగి పెట్టుకుని కూర్చుంది. మేం ముగ్గురం ఎదురుగా నిలబడి ఆమె నోటి వైపే చూస్తున్నాం. చెంచా ఎత్తింది, దించింది.

"అందరూ అట్ల గుడ్లప్పగించి సూస్తాంటే ఎట్ల తింటాదిరా? తిరుక్కోండి అటు," అంది అవ్వ.

నాయనతో సహా ముగ్గురం గోడ వైపు తిరిగి నిలబడ్డాం. నాయన మగ్గం కాడికి పోలేదు. ముందు ఏమీ వినబడలేదు. ఆ తరువాత ముల్లంగి ముక్క కొరికిన చప్పుడు. కరకరమని నమిలింది. ఆగింది. దొడ్లోకి పోయే అడుగుల కోసం నా చెవులు రెండూ అక్కడే పెట్టి నిలబడ్డాను. మళ్లీ కరకరమంది. ఇంకొకటి. గిన్నె అడుగున చెంచా గీసుకున్న చప్పుడు కూడా విన్నాం. మేం ఇంకా గోడనే చూస్తున్నాం. వెనక నుంచి చిన్నగా వినబడింది.

"రత్నా. అన్నం."

తిరిగి చూస్తే గిన్నె ముందుకు చాపి ఉంది. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, కారం వల్లనో ఏమో. అవ్వ వడ్డించింది. ఆ రెండోది కూడా నిలిచింది.

ఐదున్నర బస్సుకు బయలుదేరాం. మిగిలిన ముల్లంగిని అవ్వ తన ఊరగాయ జాడీ ఒకదాంట్లో పెట్టి ఇచ్చింది. మూతికి గుడ్డ కట్టి, తువ్వాలు చుట్టి, దారంతా సూజినక్క ఒళ్లో పెట్టుకుంది. బస్సు ఊరు దాటాక భర్తకు ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అవతల ఆయన మొదట గట్టిగా ఏదో అన్నాడు, చివరికి ఇద్దరూ నవ్వారు. చీకటి పడుతుండగా ఇంటికి చేరాం. బుధవారం పొద్దున కొళాయి దగ్గర నా వెనక బిందె పట్టుకుని నిలబడింది సూజినక్కే.

ఆ తరువాత ముల్లంగి కలపడానికి పదిహేను రోజులకొకసారి మేం ధర్మవరం పోయేవాళ్లం. వాంతులు తగ్గాక కూడా మానలేదు. అవ్వ రోలు దగ్గర ఆమెకు ఒక పీట వచ్చింది. నాయన నేసే చీర అంచుకు ఏ రంగు బాగుంటుందో ఆమె చెప్పేది, నాయన వినేవాడు, నేసేది మాత్రం తనకు తోచిందే. పాప బెంగళూరులో పుట్టింది. ఏడాదిన్నర తరువాత వాళ్లకు బదిలీ అయింది. ఇప్పుడు మేడ మీద వేరే వాళ్లున్నారు, వాళ్లు వంట చేసుకోరు, క్యాంటీన్‌లోనే తింటారు. నేను పైకి పోయి ఊడ్చి వస్తాను. వంటింట్లో పొయ్యి మీద దుమ్ము పడుతుంది, తుడుస్తాను.

పెనుకొండలో నా మొదటి నెలలు తలచుకుంటే నాకు ఆకలి గుర్తు లేదు, అత్తగారింటి నుంచి వచ్చిన డబ్బాలు నిండుగా ఉండేవి. ఏ పనీ నాకు తెలియకపోవడమే గుర్తుంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. పుట్టింటి నుంచి పక్క జిల్లా కూడా కాదు, నలభై కిలోమీటర్ల దూరమే. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి ఎలా ఉండి ఉంటుంది? ఆ రోజు దాకా అందరం ఆమెకు ఏం తినిపించాలా అనే చూశాం. మా అవ్వ ప్రేమగా పెట్టిన ముద్ద కూడా నిలవలేదు. తన చేత్తో ఎంచి, తన చేత్తో కలిపినదే నిలిచింది. ఊరు కొత్తదైనా చేతికి తెలిసిన పని ఒకటి దొరికితే మనిషి అక్కడ నిలబడగలుగుతుందని నేను నేర్చుకున్నాను. ఆమె నాకు ఎప్పుడైనా వీడియో కాల్ చేస్తుంది. పాప పెద్దదైంది. ఫోన్ అవసరం లేకుండా మేం మాట్లాడుకునే మాటలు ఇప్పటికీ ఇరవై దాటవు.

మీరు ఎవరినైనా ఇలా మన ఇళ్లకు తీసుకుపోతే ఒక్క పని చేయండి. ముందు రోజే ఇంటికి ఫోన్ చేసి, అతిథి కోసం పెద్ద వంటలేమీ పెట్టుకోవద్దని చెప్పండి. ఒక కత్తి, ఒక గిన్నె, కాస్త ఉప్పు బయట పెట్టి, రెండు పొయ్యిల్లో ఒకటి ఖాళీగా ఉంచమనండి.